పెంటాక్స్ కె-1000 కెమెరా

ఫొటో తీయువాడు చూచినది ఒకటి, ఫిల్ముపై పడినది వేరొకటి యగుట పాత పెట్టె కెమెరాలలో సామాన్యము. చూచు కిటికీ ఒకచోట, కటకము వేరొకచోట నుండుటయే దీనికి కారణము. దగ్గరనుండి తీసిన బొమ్మలో మనిషి తలపాగా తెగిపోయెడిది. ఈ లోపమును తీర్చినది ఒక చిన్న అద్దము. జపాను దేశమున అసాహి ఆప్టికల్ సంస్థవారు 1976లో వెలువరించిన పెంటాక్స్ కె-1000 కెమెరాను ఉదాహరణగా గైకొని దాని పనితీరును చెప్పుదుము.

కటకముగుండా వచ్చిన వెలుగు లోపల ఏటవాలుగా నున్న అద్దముపై పడి పైకి మరలును. అచట గరుకు గాజుపై ఏర్పడిన బింబమును గాజు పట్టకము నిటారుగా, కుడియెడమలు తారుమారు కాకుండ కంటికి చూపును. బొత్తాము నొక్కగనే అద్దము పైకి లేచును. వెనుకనున్న గుడ్డతెరలు ఒకదాని వెంట నొకటి పరుగెత్తును. ఫిల్ముపై వెలుగు పడును. అద్దము మరల దిగును. ఈ జాతి తొలి కెమెరాలు పెక్కింటిలో ఫిల్మును ముందుకు త్రిప్పువరకు కంటికి చీకటియే. అద్దము తక్షణమే దిగు ఏర్పాటును అసాహివారు 1954లోనే తమ అసాహిఫ్లెక్స్ 2-బి నమూనాలో చేసిరి.

కె-1000లో తెర సెకనులో వెయ్యవ వంతునుండి ఒక సెకను వరకు తెరచియుండునట్లు అమర్చవచ్చును. పేరులోని వెయ్యి అదియే. ఈ కాలమును కొలుచునవి స్ప్రింగులు, పళ్లచక్రములే కాని విద్యుత్తు కాదు. చొక్కా గుండీ యంత బ్యాటరీ వెలుతురు చూపు ముల్లును కదుపుటకు మాత్రమే. ముల్లు నడుమకు వచ్చునట్లు తెర కాలమునో, కటకపు రంధ్రమునో సరిచేయవలెను. బ్యాటరీ అయిపోయినను పని ఆగదు: 100 వేగముగల ఫిల్ముతో నిండు ఎండలో రంధ్రమును 16 అంకెపై, తెరను 125 అంకెపై నుంచిన చాలును. ముల్లునకు వేరుగా స్విచ్చి లేదు. కటకమునకు మూత పెట్టుటయే దానిని ఆర్పుట.

1997 వరకు తయారైన ఈ కెమెరా ఫొటోగ్రఫీ నేర్చు విద్యార్థుల కెమెరాగా పేరొందినది. నేడు పాతది కొనువారు ఒక సెకను కాలమున తెర తడబడక మూతపడుచున్నదో లేదో పరీక్షింపవలెను. కటకమును వెలుగున కెత్తి లోపల సాలెగూడు వంటి బూజు కలదేమో చూడవలెను. వెనుక మూత అంచున నల్లని స్పాంజి జిగురైనచో వెలుగు చొరబడును, అది మార్చుకొనదగినదే.

ఫిల్ము ఎక్కించుటలో మాకు తగిన శాస్తి జరిగినది. ఒక వివాహమున ముప్పదియారు బొమ్మలు తీసితిమని సంతసించితిమి. ఫిల్ము కొస కండెను పట్టనేలేదు. వధూవరుల బొమ్మ ఒక్కటియు రాలేదు. వారికి సమాధానము చెప్పుట కెంత సిగ్గుపడితిమో! ఫిల్ము వదులు తీసిన పిమ్మట మీట త్రిప్పునపుడు ఎడమవైపు పిడి కూడ తిరుగవలెను. అది తిరుగకున్న ఫిల్ము కదలుట లేదన్నమాట. బొమ్మలన్నియు ముగిసిన తరువాత అడుగునగల చిన్న బొత్తామును నొక్కి, ఆ పిడితోనే ఫిల్మును వెనుకకు చుట్టవలెను. పిడి తేలికగా తిరుగువరకు వెనుక మూతను తెరువరాదు.