స్పోర్ట్స్ కారు రోజూ నడిపితే సరదా మిగులుతుందా?

స్పోర్ట్స్ కారు కొంటానంటే ఇంట్లోవాళ్ళు ముందు ధర అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. కొన్న ఏడాది తర్వాత, సోమవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరేటప్పుడు ఆ కారే తీయాలనిపిస్తుందా?

చాలామందికి అనిపించదు. శక్తి మరీ ఎక్కువ కావడం అందుకు పెద్ద కారణం. పోర్షె 911 కరేరా ఎస్ ఆగిన చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 4 సెకన్లు కూడా పట్టదు. సిగ్నల్ పడ్డాక ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కామా, ఊపు మొదలైనంతలోనే చట్టం ఒప్పుకునే వేగం దాటిపోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో వేగంగా వెళ్ళే లేన్లలో కూడా పరిమితి 120. ఇక చేయగలిగింది కాలు వెనక్కి తీయడమే. పైగా వీపును సీటుకు అదిమే ఆ ఊపుకి మనసు కొద్ది నెలల్లోనే అలవాటు పడిపోతుంది. చేతికీ కాలికీ పని చెప్పే సరదా మాత్రం అంత తొందరగా పాతబడదు.

దీన్ని నమ్మి తయారుచేసిన కారు మాజ్దా ఎంఎక్స్-5. అమెరికాలో మియాటా అంటారు. బరువు తక్కువ, ధర అందుబాటులో ఉండే టూ-సీటర్ చేయమని 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు పాత్రికేయుడు మాజ్దా ఇంజినీరు కెనిచి యమమోటోకి చెప్పారు. పదేళ్ళకు, 1989 ఫిబ్రవరిలో, షికాగో ఆటో షోలో ఆ కారు బయటికొచ్చింది. 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్, టన్నుకు లోపు బరువు. 2016కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి.

ఇందులో అసలు కీలకం బరువే. కారు తేలికైతే స్ప్రింగులు మరీ గట్టిగా ఉండక్కర్లేదు, టైర్లు వెడల్పుగా ఉండక్కర్లేదు. అందుకే 50, 60 వేగంతో మలుపు తిరిగినా కారు ఒక పక్కకి ఒరగడం, ముందు టైర్లు రోడ్డును పట్టుకోవడం స్టీరింగ్‌లో చేతికి తెలుస్తాయి. గేరు రాడ్ కదిలే దూరం చాలా తక్కువ. మోచెయ్యి కదలకుండా మణికట్టు తిప్పితే చాలు, రెండో గేరు నుంచి మూడోదానికి టక్కున పడుతుంది. కాలనీ వీధి చివర మలుపులో కూడా ఈ ఆనందం దొరుకుతుంది. రోజువారీ వాడకానికి ఇంతకంటే మంచి స్పోర్ట్స్ కారు నాకు తెలియదు.

ఇబ్బందులు లేవని కాదు. సీటు ఎంత కిందికి ఉంటుందంటే దిగేటప్పుడు తలుపు గడప మీద చెయ్యి ఆనించి లేవాలి. హైవే మీద గాలి హోరు ఎక్కువ. ఇప్పటి మోడల్లో డిక్కీ 130 లీటర్లే. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చుకోవాలంటే ఇంకో కారు ఉండాల్సిందే. న్యూజెర్సీ, షికాగో చలిలో సమ్మర్ టైర్లు పనికిరావు. 7 డిగ్రీల కంటే చల్లబడితే రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది.

మన రోడ్ల లెక్క వేరు. మాజ్దా ఇక్కడ కార్లు అమ్మదు. దొరికే స్పోర్ట్స్ కార్లు ఎక్కువగా ఖరీదైనవీ, నేలకు దగ్గరగా ఉండేవీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంత వెడల్పున మెల్లగా ఎక్కి దిగేలా కట్టినవి మన వీధుల్లో అరుదు, నిటారుగా లేచినవే ఎక్కువ. అందుకే 911కి ముందు భాగాన్ని దాదాపు 40 మిల్లీమీటర్లు పైకి లేపే ఏర్పాటు అదనపు ఖర్చుతో ఇస్తారు. టైరు సంగతీ చూడండి. కరేరా ఎస్ ముందు టైరు మీద 245/35 అని ఉంటుంది. అంటే టైరు పక్క గోడ ఎత్తు వెడల్పులో 35 శాతం, సుమారు 8.6 సెంటీమీటర్లు. వానాకాలంలో నీళ్ళు నిండిన గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే. రోజూ గుంతలు వెతుక్కుంటూ నడిపేవాడికి ఇంజిన్ శబ్దం చెవికెక్కదు.

కాబట్టి టెస్ట్ డ్రైవ్‌ను షోరూమ్ వాళ్ళు చూపే ఖాళీ రోడ్డు మీద చేయకండి. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ తీసుకెళ్ళండి. మీ ఇంటి దారిలోని స్పీడ్ బ్రేకర్లు ఎక్కించండి, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు దింపండి. పక్క సీట్లో రోజూ కూర్చోబోయే మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి.