క్లోమమునకు రక్ష వంటయింటనే

జీర్ణాశయమునకు వెనుక, పొట్టలో అడ్డముగా, సుమారు 15 సెంటీమీటర్ల పొడవుగల మెత్తని గ్రంథి యొకటి కలదు. దానిని క్లోమమందురు. గుండె కొట్టుకొనుట మనకు తెలియును, ఊపిరి యాడుట తెలియును. క్లోమము చేయు పని మాత్రము అది చెడువరకు తెలియదు. అందుచేతనే దానినిగూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈ గ్రంథికి రెండు పనులు. మొదటిది జీర్ణరసము నూరించుట. దినమునకు లీటరుకు పైబడిన యీ రసము చిన్నప్రేగును చేరి, అన్నములోని పిండిపదార్థమును, పప్పులోని మాంసకృత్తులను, నేతిలోని క్రొవ్వును విడగొట్టును. రెండవది రక్తములోని చక్కెరను అదుపున నుంచుట. 1869లో జర్మనీ దేశపు విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ ఈ గ్రంథిలో చిన్న దీవులవలె నున్న కణసమూహములను కనుగొనెను. వానినుండి పుట్టు ఇన్సులిన్‌ను 1921లో టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు వెలికిదీసిరి. మరుసటి జనవరిలో దానిని మృత్యుముఖమున నున్న పదునాలుగేండ్ల బాలునికిచ్చిరి. అతడు మరి పదమూడేండ్లు జీవించెను.

ఇక మన భోజనపు సంగతి. కంచము నిండ తెల్లని మరబియ్యపు అన్నము, ప్రక్కన కొద్దిపాటి కూర, నడుమ నడుమ చక్కెర వేసిన కాఫీ, సాయంకాలము మైదాపిండి చిరుతిండి. ఇట్టి తిండి త్వరగా చక్కెరయై రక్తమున చేరును. శరీరశ్రమ లేక నడుమున క్రొవ్వు పేరినకొలది కణములు ఇన్సులిన్‌కు లొంగవు. క్లోమము మరింత స్రవించి కొంతకాలము నెట్టుకొనివచ్చును. కొందరిలో ఏండ్లు గడచిన పిమ్మట చాలలేకపోవును. పెద్దలలో తరచుగా కనబడు మధుమేహము సాధారణముగా నిట్లే వచ్చును. మద్యపానము, పిత్తాశయపు రాళ్ళు ఈ గ్రంథికి వాపు తెచ్చును.

“తిండి మార్చుకొననేల? విటమిను బిళ్ళలు వేసికొన్న చాలదా?” యని కొందరడుగుదురు. రెండు పరిశోధనలను చెప్పెదము. చెన్నై వైద్యులు మధుమేహపు అంచున నున్న 531 మందిని పరిశీలించి, 2006లో ఫలితములను ప్రకటించిరి. సాధారణమైన సలహా మాత్రమే పొందినవారిలో సుమారు మూడేండ్లలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చెను. తిండి మార్చుకొని, దినమున కరగంట నడువవలెనని బోధింపబడినవారిలో 39 మందికే వచ్చెను. అమెరికాలో 2019లో ముగిసిన పరిశోధనలో 2,423 మందిలో సగము మందికి దినమునకు 4,000 యూనిట్ల విటమిన్ డి నిచ్చిరి. తక్కినవారితో పోల్చగా చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

విటమిను లోపించినవారికి వైద్యుడు పరీక్షించి యిచ్చు మందు వేరు. క్లోమరసము చాలనివారికి భోజనముతో వేసికొను ఎంజైము గుళికలు నిజముగా మేలుచేయును. కాని చెడ్డతిండి తినుచు మ్రింగు బిళ్ళ రక్షాకవచము కాదు. ఎవరో చెప్పిన పొడిని నమ్మి ఇన్సులిన్ మానుట అన్నిటికంటె అపాయకరము. అది ప్రాణముమీదికి తెచ్చును. పైపొట్టలో తీవ్రమైన నొప్పి పుట్టి, వీపులోనికి ప్రాకి, వాంతులైనచో తడయక ఆసుపత్రికి పోవలెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండవలెను. తక్కిన సగమున ధాన్యములు, పప్పులు మొదలగునవి. అన్నము తగ్గించి పప్పు హెచ్చింపుడు. దంపుడు బియ్యము, జొన్న, రాగి వారమున కొన్ని దినములైన వాడుడు. కాఫీలో చక్కెర క్రమముగ తగ్గించినచో నాలుక దానికే అలవాటుపడును. మద్యము, పొగాకు మానుట మేలు.

ఇందులో అంగడినుండి సీసాతో తేవలసినది యేదియు లేదు. రేపు వంటకు కూర తరుగునప్పుడు మరికొంత యెక్కువ తరిగి, బియ్యము కొలుచునప్పుడు ఒక గుప్పెడు తగ్గించిన చాలును, అక్కడనే ప్రారంభము.