వరదవేళ ఇంటివారి వార్త

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ, ఆదివారము. ముందుదినమునుండి విడువక కురిసిన వర్షమునకు సూర్యాపేట జిల్లాలో చెరువులును వాగులును ఏకమయ్యెను. నడిగూడెము మండలములోని రామచంద్రాపురము వద్ద నాగార్జునసాగరు ఎడమకాలువకు గండిపడి నీరు పొలములపైకి పొరలెను. కోదాడ పట్టణములో కారులు కొట్టుకొనిపోయెను, ప్రాణనష్టమును కలిగెను. హైదరాబాదు-విజయవాడ మార్గమున రాకపోకలు నిలిచిపోయెను. కేసముద్రము వద్ద పట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయి రైళ్లును ఆగెను.

మునిగిన పైరునకు ఎకరముల లెక్క యున్నది. తనవారు ఎక్కడ నున్నారో తెలియక ఒక్కొక్క యింట గడచిన గంటలకు మాత్రము ఏ దస్త్రమునందును లెక్క లేదు. అది స్వల్పవిషయమని కొందరనవచ్చును. నేనట్లు తలపను. పొంగిన వాగులో దిగువారందరును సాహసమునకై దిగరు. మోటారు వద్దకు పోయిన తండ్రి రాలేదని కొడుకు దిగును. కొడుకు ఏమయ్యెనో యని మేనమామ దిగును. తండ్రి యంతకుముందే ఎగువనున్న ఊరి బడిలో క్షేమముగా కూర్చుండియుండవచ్చును. ఆ యొక్క మాట యింటికి చేరియుండినచో ఇరువురును గట్టుననే నిలిచియుందురు.

చేతిలో ఫోను ఉండగా ఈ చింత యేల యని అడుగుదురేమో. ఫోను పలుకుటకు టవరు పనిచేయవలెను. టవరునకు విద్యుచ్ఛక్తి కావలెను. కరెంటు పోయిన పిదప అది కొంతకాలము బ్యాటరీలపై నడచును. ఆపైన డీజిలు రావలెను. త్రోవ మునిగినచో డీజిలు రాదు. టవరు నిలిచియున్నను అందరును ఒక్కమారుగా పిలుచుటచే మాట దొరకదు. అట్టివేళ మెసేజి అని మనవారు పిలుచు వ్రాతసందేశము మేలు. దానికి చోటు స్వల్పముగా చాలును. సందు దొరకినంతనే పోవును.

కావున మొదటి యేర్పాటు, దూరపు ఊరిలో ఒక బంధువును వార్తకు కేంద్రముగా నిర్ణయించుకొనుట. ఇంటివారు ఒకరినొకరు వెదకుకొనక, ఎవరికి సందు దొరకిన వారు ఆ బంధువునకే తెలుపవలెను. ఆయన తక్కినవారికి అందించును. ఇందు మనవారు పొరబడుట సులభము. కోదాడ ప్రాంతమువారికి చుట్టరికములు ఎక్కువగా ఖమ్మమునను విజయవాడనుగదా! అదే సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు ఖమ్మమును, బుడమేరు విజయవాడను ముంచెను. ఆ బంధువులే మిద్దెలెక్కి కూర్చుండగా మన వార్త వినువారెవరు? నిజామాబాదులోనో తిరుపతిలోనో, మన వానకు తడియనిచోట నున్న వానిని ఎన్నుకొనుట యుక్తము. ఆయనకు ముందుగా చెప్పి ఒప్పించుకొనవలెను.

సందేశమున నాలుగు మాటలు చాలును: ఎవరు, ఎక్కడ, ఎట్లున్నారు, మరల ఎప్పుడు తెలుపుదురు. “నేనును అమ్మయు ఊరి బడిలో ఉన్నాము. క్షేమము. సాయంత్రము ఆరింటికి మరల తెలిపెదము.” ఉదయము ఆరు, మధ్యాహ్నము పండ్రెండు, సాయంత్రము ఆరు అని వేళలు నియమించుకొని, నడుమ ఫోనును ఆపియుంచినచో ఛార్జి రెండుదినములకైనను వచ్చును. వరద దృశ్యములు పట్టుచు ఛార్జిని వ్యర్థపరచు పిల్లలకు ఈ మాట గట్టిగానే చెప్పవలసియున్నది.

రెండవది కలిసికొను చోటు. ఇంటికి దగ్గరగా మెరకపై ఒకటి, ఊరు విడువవలసివచ్చినచో మరియొకటి. రెండవ చోటునకు పోవు త్రోవలో వాగుగాని కాలువగాని ఉండరాదు. సూర్యాపేటవారు మూసీని, మిర్యాలగూడవారు ఎడమకాలువను తలచుకొని త్రోవ నిర్ణయింపవలెను. పశువుల తలుగులు విప్పు పని యెవరిదో కూడ ముందే తేల్చుకొనుడు. కట్టకడపట ఇల్లు విడుచువాడు అతడే. అతని కొరకే తక్కినవారు తిరిగి వత్తురు.

పిల్లల మాట వేరుగా చెప్పవలెను. ఆ దినము ఆదివారమగుటచే బడులు లేవు. పనిదినమున వరద వచ్చినచో పిల్లవానిని బడినుండి తెచ్చువారెవరో ఉపాధ్యాయునికి ముందే తెలిసియుండవలెను. త్రోవ మునిగినచో వానిని బడిలోనే యుంచుమని కూడ చెప్పియుంచవలెను.

ఫోనులోని సంఖ్యలు ఫోనుతోనే మునుగును. కావున వానిని కాగితముపై వ్రాసి, ప్లాస్టికు సంచిలో నుంచి, ఒక్కొక్కరి వద్ద నుంచుడు; తలుపు లోపలివైపున రంగుతో వ్రాసినను మంచిదే. 112, 108 సంఖ్యలతోపాటు కలెక్టరు కార్యాలయపు 1077 సంఖ్యను చేర్చుడు. 2016లో జిల్లాలు మారినప్పటినుండి సూర్యాపేట, కోదాడలు సూర్యాపేట జిల్లాలోను, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోను ఉన్నవి. కోదాడ తండ్రి మిర్యాలగూడ అత్తవారింటనున్న కూతురి కొరకు విచారింపవలసినది నల్లగొండ కార్యాలయమునందు.

సంఘము చేయదగిన పని యొకటి కలదు. ప్రతి సభ్యుని యింటి వార్తాబంధువు పేరు, సంఖ్య ఒక పుస్తకమున వ్రాయించి, దానిని ఎరువుల గోదాములో గాక కార్యదర్శి యింట మెరకపై నుంచవలెను. ఇతరులకు చూపరాదు. వానకాలపు పంటరుణముల కొరకు సభ్యులు కార్యాలయమునకు వచ్చునప్పుడే ఈ వివరము అడిగి వ్రాసికొనవచ్చును. చదువురాని వృద్ధుల చేత ఆ సంఖ్యను అప్పటికప్పుడే రెండుమారులు నొక్కించి, అవతలివారి గొంతు వినిపించి పంపుట మంచిది.