స్క్రేపరుకు ఒక ఇంజనా? రెండా?

నంద్యాల సీమకు కాలువల త్రవ్వకం కొత్త కాదు. 19వ శతాబ్దంలో కర్నూలు-కడప కాలువను పారలతో, గంపలతో మనుషులే త్రవ్వారు. 1983లో ప్రారంభమైన తెలుగు గంగ కాలువ ఆళ్లగడ్డ ప్రాంతం మీదుగా సాగింది.

ఇటువంటి పనులకు ఉపకరించే యంత్రాలలో స్క్రేపరు ఒకటి. దాని నడుమ పెద్ద తొట్టి, తొట్టి అడుగు అంచున కత్తి ఉంటాయి. యంత్రం కదులుతుండగా కత్తి మట్టిని చెక్కి తొట్టిని నింపుతుంది. ఆ మట్టిని గట్టు మీదికి మోసుకుపోయి పొరలుగా పరుస్తుంది.

కొన్ని స్క్రేపర్లకు ముందొకటి, వెనుకొకటి ఇంజన్లుంటాయి. నాలుగు చక్రాలూ నేలను పట్టి లాగుతాయి. ఈ బలం ముఖ్యంగా తొట్టి నిండే కొద్దిసేపే కావాలి. గట్టి, చదునైన బాట మీద సాధారణంగా ఒక ఇంజనే చాలు. అందుచేత పాత యంత్రానికి వెనుక ఇంజను తొలగిస్తే డీజిలు, మరమ్మతు ఖర్చులు తగ్గుతాయి.

మరి పోయిన బలం ఎట్లు వచ్చును? బరువు బండి మిట్ట ఎక్కేటప్పుడు రైతు మరొక జత ఎద్దులను కడతాడు. మిట్ట దాటగానే విప్పుతాడు. అట్లే తొట్టి నిండేవరకు బుల్డోజరు వెనుకనుండి నెట్టవలెను. ఒకే బుల్డోజరు పలు స్క్రేపర్లను వంతులవారీగా నెడితే లాభం. ఒక్క స్క్రేపరు కోసమే నిలిపితే నష్టం.

మార్చిన యంత్రంలో బరువు పంపకం కూడా మారుతుంది. కావున బ్రేకులను పరీక్షించిన పిదపనే పనికి దించాలి.

ఈ సీమ నల్లరేగడి తడిస్తే ఉబ్బి జారుతుంది. అక్కడ వెనుక చక్రాలు తిరిగి నెట్టకపోతే యంత్రం కూరుకుపోవచ్చు. ఇంజను విప్పుటకు ముందు నేలను చూడవలెను.