వేడినీటి యంత్రమును హామీపత్రమును

చలికాలపు తెల్లవాఱుజామున వేడినీటి విలువ యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. మా చిన్నతనమున వనపర్తిలోని మా యింట పెరటిమూలను ఒక రాగికాగు ఉండెడిది. మా నాయనమ్మ ప్రొద్దు పొడువకముందే లేచి, దానిక్రింద కట్టెలు పేర్చి, కన్నుల పొగ నిండగా ఊదుగొట్టముతో ఊది, ఇంటిల్లిపాదికిని నీళ్లు కాచెడిది. ఆ కాగునకు హామీపత్రము లేదు. చిల్లి పడినచో కంచరివాడు అతుకు వేసి యిచ్చెడివాడు. అతడు మరల మన వీథినే యుండువాడు గనుక అతని మాటయే హామీ.

నేడు ఆ కాగు అటక నెక్కినది. గోడమీద తెల్లని గీజరు వ్రేలాడుచున్నది. మీట నొక్కిన కొంతసేపటికే నీళ్లు కాగును. సౌఖ్యము హెచ్చినదనుట నిజమే. కాని యంత్రము చెడినప్పుడు ఎవరి నడుగవలెను? ఏమని యడుగవలెను? ఈ సంగతి తెలియక మేము పడిన చిక్కును, దానివలన నేర్చుకొనిన విషయములను చదువరుల యుపయోగార్థము ఇచట వివరించుచున్నాము.

మాకు కలిగిన చిక్కు

నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు హెచ్చి, పొయ్యివద్ద కూర్చుండుట దుర్లభమయ్యెను. ఆమె తన పింఛను డబ్బులో నెలనెలా మిగిల్చినది ఇచ్చెను. మిగత మా నాయనగారు చేర్చిరి. పదునైదు లీటర్ల గీజరు ఒకటి కొంటిమి. యంత్రమునకు రెండేండ్లు, లోపలి తొట్టికి ఐదేండ్లు హామీయని అంగడివారు చెప్పిరి. కార్డును బీరువాలో దాచితిమి, చదువలేదు.

పదునెనిమిది నెలలు గడచెను. నీళ్లు గోరువెచ్చగనే వచ్చుచుండెను. పిదప తుప్పురంగు తేలెను. తొట్టి క్రిందినుండి చుక్కలు రాలసాగెను. ఒకనాటి యుదయమున నాయనమ్మ కొళాయి తిప్పగానే చేయి జివ్వుమని కేక వేసెను. నాయనగారు పరుగున వచ్చి మెయిను మీట ఆపిరి. దైవవశమున ఆమెకు హాని కలుగలేదు.

అంగడివారి నడుగగా కంపెనీవారి నడుగుమనిరి. కంపెనీవారి మెకానిక్కు పండ్రెండు దినముల పిదప వచ్చి, మూత విప్పి చూచి, "ఇవి బోరునీళ్లు. ఉప్పు పట్టినది. హామీ వర్తింపదు. కార్డుపై అంగడి ముద్రయు లేదు" అని చెప్పి, వచ్చిపోయినందులకు రుసుము నడిగెను. నాయనమ్మ గడపయొద్ద కూర్చుండి, "నా పైసలన్నీ నీళ్ల పాలయినయా, బిడ్డా?" అనెను. ఆ ప్రశ్నకు ఆనాడు మాయొద్ద సమాధానము లేకపోయెను.

యంత్రమెట్టిది?

ముందుగా యంత్రమును గూర్చి తెలిసికొందము. 1868వ సంవత్సరమున లండను నగరమున బెంజమిన్ వాడీ మాగన్ అను నతడు స్నానపు నీటిని వాయువుతో వేడిచేయు సాధనమొకటి కల్పించి, ఐసులాండు దీవిలోని ఉష్ణోదకపు బుగ్గ పేరు దానికి పెట్టెను. గీజరను పేరు ఇట్లు వచ్చినది. ఆ తొలి యంత్రమున పొగ పోవుటకు గొట్టము లేనందున అది అపాయకరముగ నుండెడిది.

మన యిండ్లలోని విద్యుత్తు గీజరున ఉక్కుతొట్టి యొకటి, దాని లోపల నీటిలో మునిగియుండు వేడికడ్డీ యొకటి యుండును. నీరు తగినంత కాగినపుడు విద్యుత్తును ఆపునది థర్మోస్టాటు. అది చెడినను అపాయము రాకుండ మఱియొక రక్షక మీటయు, ఆవిరి యొత్తిడి హెచ్చినచో విడుదల చేయు కవాటమును ఉండును. పదునైదు లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు రమారమి 0.6 యూనిట్ల విద్యుత్తు పట్టును. 2000 వాట్ల కడ్డీ ఆ పనిని ఇంచుమించు 18 నిమిషములలో చేయును. మా యంత్రము ముప్పావుగంట మ్రోగినను నీరు కాగకుండుటయే రోగమునకు మొదటి గుఱుతు. దానిని మేము గుర్తింపలేదు.

నీటి కాఠిన్యము

వాననీరు గాలిలోను నేలలోను బొగ్గుపులుసు వాయువును గ్రహించి, రాళ్లలోని సున్నపు పదార్థములను కరగించుకొని భూగర్భమున చేరును. అట్టి నీటినే కఠినజలమందురు. దానిని కాచినపుడు ఆ వాయువు వెడలిపోవును. కరగియున్న సున్నము తెల్లని పెళ్లగా మారి కడ్డీపై పేరుకొనును. టీ కాచు గిన్నె యడుగున కనబడు తెల్లని పొర యిదియే. ఆ పెళ్ల వేడిని నీటికి చక్కగ పోనీయదు. కడ్డీ తనలో తానే మిక్కిలి వేడెక్కి తుదకు పగులును. పగిలిన కడ్డీనుండి విద్యుత్తు నీటిలోనికి ప్రాకును.

తొట్టి తుప్పు పట్టకుండ కాపాడుటకు మెగ్నీషియము కడ్డీ యొకటి లోపల నుంచెదరు. ఉక్కుకంటె ముందుగా అది తాను క్షయించి తొట్టిని కాపాడును. ఈ సూత్రమును 1824లో సర్ హంఫ్రీ డేవీ యను శాస్త్రజ్ఞుడు ఓడల రాగిరేకులను సముద్రపు నీటినుండి కాపాడుటకై ప్రయోగించి చూపెను. అయితే ఆ కడ్డీ పూర్తిగా తఱిగిపోయిన పిదప తొట్టికి దిక్కు లేదు. కావున దానిని అప్పుడప్పుడు చూచి మార్చవలెను.

నాగర్‌కర్నూలున మా అక్కగారింట అదే తీరు యంత్రము ఆఱేండ్లుగ చెడకుండ పనిచేయుచున్నది. వారు కొళాయికి వచ్చు శుద్ధిచేసిన నదీజలమును వాడుదురు. గద్వాలలోని మేనత్తగారింట బోరునీళ్లు వాడుటచే రెండు కడ్డీలు మార్చవలసివచ్చెను. రెండు నదుల నడుమనున్న నడిగడ్డయందును బోరునీటికిని నదీనీటికిని ఇంత భేదము కలదు. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములకు మించరాదు. వేఱు నీరు దొరకనిచోట 600 వఱకు అంగీకరింతురు.

హామీ యనగా నేమి?

అమ్మకపు వస్తువుల చట్టము 1930 నాటిది. వస్తువుయొక్క ముఖ్యప్రయోజనమునకు మూలమైన కట్టుబాటును షరతనియు, దానికి అనుబంధమైన మాటను వారంటీయనియు ఆ చట్టము చెప్పును. షరతు తప్పినచో వస్తువును తిరస్కరింపవచ్చును. వారంటీ తప్పినచో నష్టపరిహార మడుగవచ్చును. అంతేకాక, అట్టి వస్తువుల నమ్ము వర్తకునియొద్ద వస్తువును దాని వర్ణననుబట్టి కొన్నపుడు, అది అమ్మకమునకు తగిన నాణ్యము కలదై యుండవలెనను షరతు పత్రమున వ్రాయకున్నను ఉన్నట్లే భావింపబడును.

1986లో వినియోగదారుల రక్షణ చట్టము పుట్టినది. ఆ చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించిన డిసెంబరు 24వ తేదీనే మన దేశమున వినియోగదారుల దినముగ జరుపుకొనుచున్నారు. దాని స్థానమున 2019 నాటి క్రొత్త చట్టము 2020 జూలై 20 నుండి అమలునకు వచ్చినది. ఈ చట్టము ప్రకారము లోపమును సరిచేయింపుమనియు, క్రొత్త వస్తువు నిమ్మనియు, సొమ్ము మరలింపుమనియు, నష్టపరిహారము చెల్లింపుమనియు జిల్లా కమిషను ఆజ్ఞాపింపవచ్చును. బిల్లు ఇయ్యకుండుట అనుచిత వ్యాపారపద్ధతిగ నెంచబడును.

ఫిర్యాదీ నివసించు చోటనే ఫిర్యాదు చేయవచ్చును. కర్మాగారమున్న దూరదేశమునకు పోనక్కఱలేదు. చెల్లించిన వెల ఐదు లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకొనుట తప్పనిసరి కాదు. వివాదకారణము పుట్టిన రెండేండ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయవలెను. ఎదుటి పక్షమువారు 30 దినములలో సమాధానమీయవలెను; అందుపై 15 దినములు మాత్రము గడువు పొడిగింపవచ్చును. వస్తువును పరీక్షింపవలసివచ్చినచో కమిషనువారు దానిని ప్రయోగశాలకు పంపుదురు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు 2016 అక్టోబరు 11వ తేదీన ప్రత్యేక జిల్లాలగువఱకు మహబూబునగరు జిల్లాలోనివే. మహబూబునగరున జిల్లా కమిషను కలదు.

రైతుల వ్యాజ్యము

మన ప్రాంతపు రైతులకు ఈ న్యాయము క్రొత్త కాదు. విత్తనములు చెడ్డవై పంట దెబ్బతిన్నదని నాటి ఆంధ్రప్రదేశపు రైతులు కొందఱు కర్నూలు, మహబూబునగరు మొదలగు జిల్లాల వినియోగదారుల ఫోరములలో ఫిర్యాదులు చేసి గెలిచిరి. నేషనల్ సీడ్స్ కార్పొరేషనువారు సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయిరి. 2012 జనవరి 16వ తేదీన ఆ న్యాయస్థానము రైతులును వినియోగదారులేయని తీర్పు చెప్పెను. కొన్న విత్తనమంతయు నేలను చల్లిన రైతు, పరీక్షకై కొంత దాచియుంచవలెననుట తగదనియు నిర్ణయించెను.

రైతు చేతిలో విత్తనము మిగులదు. మా చేతిలో యంత్రమున్నది. కావున దానిని పాత ఇనుమువానికి వేయక, విప్పనీయక, ఉన్నదున్నట్లుంచుట మా మొదటి కర్తవ్యమని ఈ తీర్పువలన గ్రహించితిమి.

మేము చేసినది

బీరువాలోని కార్డును తీసి భూతద్దముతో చదివితిమి. కఠినజలమువలన కలుగు చెఱుపునకు హామీ లేదని యందున్న మాట నిజమే. కాని యెంత కాఠిన్యమునకు మించినచో లేదో అంకె కూడ అందే యున్నది. నీరు కఠినమైనదని నోటితో ననుట వేఱు, పరీక్షించి చూపుట వేఱు. సీసాలో మా బోరునీటిని పట్టి పరీక్షాశాలకు పంపితిమి. కాఠిన్యము హెచ్చుగనే యున్నను కార్డులోని మితికి లోబడియే యుండెనని నివేదిక వచ్చెను.

కార్డుపై ముద్ర లేకపోయినను అంగడివారిచ్చిన బిల్లు మాయొద్ద నుండెను. దానిపై తేదీయు యంత్రపు సంఖ్యయు స్పష్టముగ నున్నవి. ఈ రెంటి నకళ్లను జతపఱచి, జరిగినది జరిగినట్లు తేదీలతో వ్రాసి, కంపెనీవారికి రిజిస్టర్డు తపాలాలో లేఖ పంపితిమి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు 1915 సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు నమోదు చేయించితిమి. కఠినమైన మాట యొక్కటియు వ్రాయలేదు. నెలన్నరకు మఱియొక మెకానిక్కు వచ్చి, తొట్టిని కడ్డీని ఉచితముగ మార్చెను. మొదట అడిగిన రుసుము సంగతి మరల నెత్తలేదు. అట్లు కాకున్నచో కమిషనునకు పోవుటకు కాగితములు సిద్ధముగ నుంచితిమి.

అయినను తప్పంతయు పరులదేయని చెప్పుట న్యాయము కాదు. మా స్నానపుగది సాకెట్టునందలి పెద్ద రంధ్రము వెనుక భూమితీగ యసలే లేదు. కడ్డీ పగులుట యంత్రదోషమైనను, ఆ విద్యుత్తు నేలకు పోక నాయనమ్మ చేతికి తగులుటకు మా అశ్రద్ధయే కారణము. ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తింగు చేయించి, విద్యుత్తు ప్రక్కదారి పట్టినంతనే తెగిపోవునట్టి ఆర్.సి.సి.బి. మీటను పెట్టించితిమి. ఆ వ్యయము మాదే. అది కంపెనీవారి నడుగదగినది కాదు.

గమనింపవలసినవి

గీజరు కొనువారు ఐ.ఎస్.ఐ. గుఱుతు చూడవలెను. బిల్లు తప్పక తీసికొని, కార్డును అంగడిలోనే నింపించి, ముద్ర వేయించుకొనవలెను. బిల్లుపై అక్షరములు ఏడాదికే వెలసిపోవును గనుక నకలు తీసి దాచవలెను. హామీ యంత్రమున కెంత, కడ్డీ కెంత, తొట్టి కెంతయో వేఱువేఱుగ చూచుకొనవలెను. బోరునీరు వాడువారు నీటిని ముందే పరీక్షింపించి, ఆ నీటికి తగిన యంత్రమునే కొనవలెను. మెగ్నీషియము కడ్డీని కాలానుసారముగ చూపించి, చేసిన మరమ్మతునకు రసీదు పుచ్చుకొనవలెను. కొళాయివద్ద చేయి జివ్వుమన్నచో మెయిను మీట ఆపి, మరల తాకరాదు.

విద్యార్థులారా! మా యింటి కార్డు ఆంగ్లమున, ఆవగింజంత అక్షరములతో నుండెను. సొమ్ము పెట్టిన నాయనమ్మ దానిని చదువలేదు. చదువనేర్చిన మేము చదువలేదు. ఈ రెండింటిలో నింద్యమైనది రెండవదియే. మన యిండ్లలో పెద్దలు కష్టార్జితము వెచ్చించి వస్తువులు తెచ్చుచున్నారు. వానితో వచ్చు కాగితములను చదివి, అర్థము విప్పి చెప్పుట చదువుకొనుచున్న మన విధి. పరీక్షలకై చదివినది కొంత మఱచిపోవుదుము గాని, ఇట్టి చదువు ఇంటివారి సొమ్మును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును కూడ నిలుపును. ఈ చలికాలమున ప్రతివారును తమ యింటి గీజరు కార్డును ఒక్కమాఱు తీసి చదువుదురుగాక యని కోరుచున్నాము.