ఉప్పూ – చిప్పూ



పోయిన నెల మన మెస్ హాల్లో టీవీ ఆగిపోయిన సంగతి ఎవరూ మర్చిపోయి ఉండరు. మ్యాచ్ సగంలో పోయింది గదా! వార్డెన్ సారు బహదూర్‌పురా చౌరస్తా దగ్గరి మెకానిక్ భాయ్‌ని పిలిపించారు. ఆయన వెనక మూత విప్పి, బోర్డు మీద చిటికెన వేలి గోరంత నల్ల ముక్కను చూపించి, "ఐసీ జల్ గయా సాబ్. ఇది చైనా మాల్. అక్కడికెల్లి వస్తెగాని టీవీ నడ్వది" అన్నాడు. పక్కనే నిలబడ్డ ఏడో తరగతి తమ్ముడొకడు, "గంత చిన్న ముక్క మన దేశంల చెయ్యరా సార్?" అని అడిగాడు. సారు నవ్వి, "పెద్ద ప్రశ్నే అడిగినవ్. ఎవరన్న తెలుసుకుని గోడపత్రికల రాయండి" అన్నారు. మూడు వారాలైనా ఎవరూ రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

ముందు మా తాత ముచ్చట ఒకటి చెప్పాలి. మా గూడెంలో జొన్న పండేది. అడవిలో ఇప్పపువ్వు, గడ్డలు, తేనె దొరికేవి. ఇల్లు కూడా మా వాళ్లే కట్టుకునేది. ఉప్పు ఒక్కటే సంతకు పోయి తేవాలి. ఆ ఉప్పు అమ్మే సావుకారు ఎంత చెప్తే అంత. గంపెడు ఇప్పపువ్వు పోస్తే దోసెడు ఉప్పు. ఎదురు మాట్లాడితే ఆ వారం అదీ లేదు. అన్నీ ఉన్న గూడెం ఒక్క ఉప్పు కోసం తల వంచేదట. ఇప్పుడు దేశాల మధ్య చిప్పుది సరిగ్గా అదే కథ.

చిప్పు అంటే ఏమిటి? ఇసుకలో ఉండే సిలికాన్‌ను శుద్ధి చేసి, గడ్డ కట్టించి, పల్చటి బిళ్లలుగా కోస్తారు. మనం గోడపత్రిక పేరు రాయడానికి అట్టముక్కలో అక్షరాలు కత్తిరించి పైన రంగు కొడతాం గదా, అట్లనే ఆ బిళ్ల మీద అచ్చు పెట్టి వెలుగు కొడతారు. వెలుగు పడ్డ చోట ఒక తీరు, పడని చోట ఒక తీరు. మందుతో కడిగితే గీతలు మిగులుతాయి. ఇట్లా పొర మీద పొర ఎన్నోసార్లు. మధ్యలో ఒక్క ధూళి రేణువు పడ్డా ఆ ముక్క పనికిరాదు. మన వెంట్రుక మందం సుమారు 80,000 నుంచి 1,00,000 నానోమీటర్లు. పంజాబ్ మొహాలీలోని మన ప్రభుత్వ ఫ్యాక్టరీ 180 నానోమీటర్ల పద్ధతిలో చిప్పులు చేస్తుంది. అంటే ఒక్క వెంట్రుక వెడల్పులో అట్లాంటి గీతలు నాలుగైదు వందలు పడతాయి. ఫోన్ల ప్రకటనల్లో వచ్చే "3 నానోమీటర్" మాత్రం ఇప్పుడు కొలత కంటే పేరే ఎక్కువ. దాన్ని చూసి మోసపోవద్దు.

ఇక మన హైదరాబాద్ సంగతి. బస్సు బోర్డుల మీద "ఈసీఐఎల్" అని అందరూ చదివే ఉంటారు. అది ఊరి పేరు అనుకునేవాణ్ణి నేను. కాదు, ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. 1962లో చైనాతో యుద్ధం అయినప్పుడు, సైన్యానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలకు కూడా బయటి దేశాల ముఖం చూడాల్సి వస్తున్నదని మన పెద్దలకు అర్థమైంది. 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టినాయన పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. ఏఎస్ రావు నగర్ ఆయన పేరే. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది. ట్రాంబేలో మన వాళ్లే గీసింది, ఈసీఐఎల్ తయారుచేసి అమ్మింది. 1974లో పోఖ్రాన్‌లో మొదటి అణుపరీక్ష జరిగాక కెనడా అణు సహాయం ఆపేసింది. మిగతా దేశాలు కూడి ఏది అమ్మాలి, ఏది అమ్మవద్దు అని జాబితాలు రాసుకున్నాయి. అప్పటికే ఈసీఐఎల్ చేతిలో పని ఉంది కాబట్టి అణు రియాక్టర్ల కంట్రోల్ పరికరాలు ఇక్కడే తయారయ్యాయి. సావుకారు ఉప్పు ఆపేనాటికే మన దగ్గర ఒక కుండెడు ఉందన్నమాట.

రెండో కథ మన బడికి ఇంకా దగ్గర. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దాటిపోతే కంచన్‌బాగ్ వస్తుంది. 1980ల్లో భారతదేశం అమెరికాను క్రే అనే సూపర్ కంప్యూటర్ అడిగింది. దాంతో బాంబుల లెక్కలు, క్షిపణుల లెక్కలు చేస్తారేమోనని అడిగిన పెద్ద యంత్రం ఇయ్యలేదు. వాతావరణం లెక్కలకని చిన్నది ఇచ్చారు. 1988లో పుణేలో సీడాక్, అదే సంవత్సరం మన కంచన్‌బాగ్‌లో అనురాగ్ అనే డీఆర్‌డీఓ ల్యాబ్ మొదలైనాయి. క్షిపణి గాలిని చీల్చుకుని పోయేటప్పుడు దాని చుట్టూ గాలి ఎట్లా పారుతుందో లెక్క కట్టాలంటే ఒక మామూలు కంప్యూటర్ చాలదు. అందుకని అనురాగ్ వాళ్లు ఎన్నో చిన్న ప్రాసెసర్లను ఒక్క కాడికి కట్టి "పేస్" అనే యంత్రం చేశారు. నాట్లు వేసేటప్పుడు ఒక్క పహిల్వాన్‌ను తేకుండా ఊరందర్నీ మడిలో దించినట్టు! సీడాక్ వాళ్ల "పరమ్ 8000" 1991లో వచ్చింది.

ఇక్కడ ఒక నిజం చెప్పకపోతే తప్పవుతుంది. పేస్ లోపల ఉన్నవి అమెరికా మోటరోలా కంపెనీ ప్రాసెసర్లు. పరమ్ లోపల ఉన్నవి బ్రిటన్ ట్రాన్స్‌ప్యూటర్లు. కూర మన చేతి వంటే, ఉప్పు మాత్రం సంతదే. పేపర్లలో ఈ ముక్క చిన్నగా రాస్తారు. నాకైతే ఇదే అసలు ముక్క అనిపించింది. తరువాత అనురాగ్ "అనుపమ" అనే 32 బిట్ల ప్రాసెసర్‌ను సొంతంగా గీసింది. కానీ గీయడం వేరు, అచ్చు పోయడం వేరు. మొహాలీ ఫ్యాక్టరీ 1984లో పని మొదలుపెట్టింది, 1989 ఫిబ్రవరిలో కాలిపోయింది. మళ్లీ లేచేసరికి చాలా ఏండ్లు పట్టింది. ఆ లోపల ప్రపంచం ఆగలేదు.

1998 మే నెలలో మళ్లీ అణుపరీక్షలు. ఈసారి అమెరికా దాదాపు రెండు వందల భారతీయ సంస్థల పేర్లు జాబితాలో రాసి, లైసెన్సు లేకుండా వీళ్లకు సామాను అమ్మవద్దన్నది. డీఆర్‌డీఓ, ఇస్రో విభాగాలు కూడా అందులో ఉన్నాయి. వాటిలో కొన్నిటి పేర్లు 2011 జనవరికి గాని కొట్టెయ్యలేదు. రాడార్లకు, ఉపగ్రహాలకు సిలికాన్ చాలదు, గాలియం ఆర్సెనైడ్ చిప్పులు కావాలి. అవి హైదరాబాద్ విజ్ఞాన కంచలోని గేటెక్ అనే కేంద్రంలో తయారవుతున్నాయి. అంతకంటే గట్టి గాలియం నైట్రైడ్ చిప్పులు కూడా అక్కడ కొద్దికొద్దిగా చేస్తున్నామని 2024లో ప్రకటించారు. మన ఊర్లోనే ఉన్నా దీని పేరు నేను ఈ వ్యాసం కోసం చదివేదాకా వినలేదు!

అయితే టీవీ ఐసీ ఎందుకు రాదు? రాడార్‌కు వందలు, వేలు చాలు. టీవీలకు, ఫోన్లకు కోట్లు కావాలి. దానికి వేల కోట్ల రూపాయల ఫ్యాక్టరీ, ఒక్క నిమిషం ఆగని కరెంటు, అతి శుద్ధమైన నీళ్లు కావాలి. 2006లో సెమ్ఇండియా అనే కంపెనీ మన ఎయిర్‌పోర్టు దిక్కున, రావిర్యాల దగ్గర ఫ్యాబ్ సిటీ కడతానన్నది. 300 కోట్ల డాలర్లు అన్నారు. ప్రభుత్వం జాగా చూపించింది. చిప్పుల ఫ్యాక్టరీ రాలేదు. "ఫ్యాబ్ సిటీ" అనే పేరు మాత్రం నిలిచింది. ఆ రోజే కట్టి ఉంటే ఈ తమ్ముడు ఈ ప్రశ్న అడిగేవాడే కాదేమో.

2021 డిసెంబర్‌లో కేంద్రం 76,000 కోట్లతో మళ్లీ మొదలుపెట్టింది. గుజరాత్ ధోలేరాలో తైవాన్ కంపెనీతో కలిసి టాటా వాళ్ల ఫ్యాక్టరీకి 2024లో అనుమతి ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో చిప్పులకు పైకప్పు వేసే, అంటే ప్యాకింగ్ చేసే యూనిట్‌కు 2025 ఆగస్టులో ఇచ్చారు. అదే ఏడు సెప్టెంబర్‌లో "విక్రమ్ 3201" అనే ప్రాసెసర్‌ను చూపించారు. ఇస్రో గీసింది, మొహాలీ పోసింది. రాకెట్‌లో సున్నాకు కింద 55 డిగ్రీల నుంచి పైన 125 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పాత 180 నానోమీటర్ల పద్ధతే. రాకెట్‌కు మొండితనం కావాలి గాని షోకు అక్కర్లేదు.

చైనా కూడా ఇప్పుడు మనలాగే తలుపు బయట నిలబడి ఉంది. 2022 అక్టోబర్‌లో అమెరికా దానికి పెద్ద చిప్పులు, అవి చేసే యంత్రాలు ఆపింది. అన్నిటికన్న సన్నని గీతలు గీసే యంత్రం లోకంలో ఒక్క నెదర్లాండ్స్ కంపెనీయే చేస్తుంది, దానికి అద్దాలు జర్మనీవి. అంటే అమెరికా కూడా ఒక్కతే మొత్తం చెయ్యలేదు. 2025 జనవరిలో అమెరికా కృత్రిమ మేధ చిప్పులకు కోటా పెడితే, లెక్క కట్టి ఇచ్చే దేశాల వరుసలో మనం కూడా ఉన్నాం. మే నెలలో ఆ నియమం తీసేశారు. తీసేసినవాళ్లు మళ్లీ పెట్టలేరా?

మా గూడేనికి సావుకారు పీడ ఎట్లా తగ్గిందని తాతను అడిగాను. గిరిజన సహకార సంస్థ డిపో వచ్చి ఉప్పు అమ్మినాక తగ్గిందట. అప్పుడు కూడా మేము ఉప్పు చెయ్యలేదు. కొనడానికి రెండో చోటు దొరికింది, మా ఇప్పపువ్వుకు కూడా రెండో బేరం దొరికింది. మన హైదరాబాద్‌లో పెద్ద పెద్ద విదేశీ కంపెనీలకు చిప్పులు గీసే ఇంజనీర్లు వేలమంది ఉన్నారు. అది మన ఇప్పపువ్వు అనుకోవచ్చు. అది లేకపోతే సావుకారుకు కూడా కష్టమే.

తమ్ముడికి జవాబు: చేస్తారు. టీవీది ఇంకా లేదు.

మెకానిక్ భాయ్‌ని అడిగి ఆ కాలిన ఐసీ తెచ్చి ఈ కాగితం కింద గమ్‌తో అతికించాను. దగ్గరికొచ్చి చూడండి, దాని మీద సన్న అక్షరాలు కూడా ఉన్నాయి. గోరుతో మాత్రం గీకకండి.