యంత్రము చెప్పిన శాతము సాక్ష్యము కాదు

విద్యార్థి వ్రాసిన వ్యాసమును ఒక సాఫ్ట్‌వేర్‌లో వేసినచో, అది మనిషి వ్రాసినదో కృత్రిమ మేధ వ్రాసినదో ఆ యంత్రము క్షణములో తేల్చివేయునను నమ్మకము, చాట్‌జీపీటీ వచ్చిన నాటినుండి ఉన్నతవిద్యాలోకమున ఎంత వేగముగా పాకినదనగా, నేడది పలుచోట్ల నమ్మకముగా గాక నియమముగానే చెలామణి యగుచున్నది. దీనివలన కలుగు హాని కంటికి కనబడుచునే యున్నది. థీసిస్ సమర్పింపబోవు పరిశోధకుడు తన సిద్ధాంతము నిలుచునా, తన ప్రయోగము సరియైనదా యని యోచింపవలసిన వేళ, ‘ఏఐ శాతము’ ఎంత వచ్చునో యని బెంగపడుచున్నాడు. తాను కష్టపడి కూర్చిన వాక్యములను ఆ శాతము తగ్గించుకొనుటకై విరిచి, వంచి, కావలెనని తప్పులు చొప్పించి చేజేతులా పాడుచేసికొనుచున్నాడు. అదియు చాలక, ‘హ్యూమనైజర్’ అను మరియొక యంత్రమునకు డబ్బు చెల్లించి, తాను స్వయముగా వ్రాసినదానిని మనిషి వ్రాసినట్లు మార్చి యిమ్మని అడుగుచున్నాడు. మోసమును అరికట్టుటకు వచ్చిన పనిముట్టు నిజాయితీపరుని మోసపు అంగడికి నడిపించుచుండగా, దీనిని చూచియు చూడనట్లుండుట విద్యాలయములకు తగదు.

ఈ యంత్రముల సామర్థ్యమును గూర్చి, కృత్రిమ మేధను నిర్మించినవారే యేమి చెప్పిరో మొదట చూతము. చాట్‌జీపీటీని సృష్టించిన ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జనవరిలో తానే యొక గుర్తింపు సాధనమును విడుదల చేసెను. ఆ సంస్థ ప్రకటించిన లెక్కల ప్రకారమే, ఆ సాధనము యంత్రము వ్రాసిన రచనలలో 26 శాతమును మాత్రమే పట్టుకొనగలిగినది. మనుష్యులు వ్రాసిన రచనలలో 9 శాతమును యంత్రకృతములని పొరబడినది. ఆరునెలలు తిరుగకుండ, అదే సంవత్సరము జులైలో, కచ్చితత్వము తక్కువయను కారణము చెప్పి దానిని ఉపసంహరించుకొనెను.

ఈ రెండు అంకెలను ఒక తరగతికి అన్వయించి చూడుడు. నూరుమంది విద్యార్థులలో పదిమంది యంత్రముచేత వ్రాయించినారనియు, తొంబదిమంది స్వయముగా వ్రాసినారనియు అనుకొందము. ఆ పదిమందిలో యంత్రము పట్టుకొనునది ఇద్దరిని ముగ్గురిని మాత్రమే. స్వయముగా వ్రాసిన తొంబదిమందిలో ఎనమండుగురిపై అది దొంగముద్ర వేయును. అనగా అధ్యాపకుని బల్లమీదికి వచ్చిన పదకొండు పేర్ల జాబితాలో ఎనిమిది పేర్లు నిర్దోషులవి, అసలు తప్పుచేసిన పదిమందిలో ఏడెనమండుగురు హాయిగా తప్పించుకొనిపోయినవారు. తరువాత వచ్చిన సాధనములు దీనికంటె మెరుగైనవి కావచ్చును; కాని నిజాయితీపరులు ఎక్కువగా నున్న తరగతిలో చిన్న పొరపాటు శాతము సైతము నిర్దోషుల సంఖ్యను ఎట్లు పెంచునో తెలియుటకు ఈ కూడిక చాలును.

యంత్రము ఇట్లు ఏల పొరబడును? అది రచయితను చూడదు, వ్రాసిన తీరును చూడదు. ఒక పదము తరువాత మరియొక పదము ఎంత ఊహింపదగినట్లు వచ్చినదో ముఖ్యముగా కొలుచును. ‘ఈ అధ్యయనము యొక్క ముఖ్యోద్దేశము’ అని మొదలైన వాక్యము ఏ దారిన పోవునో థీసిస్‌లు చదివిన ప్రతివారికిని తెలియును. ఆ దారినే పోయినచో యంత్రమునకు అనుమానము కలుగును. వాక్యములన్నియు ఒకే పొడవున, ఒకే నడకన సాగినచో అనుమానము బలపడును. నలుగురు నడచిన మాటలతో, నేర్చుకొన్న నమూనాలతో, తప్పు దొరలకుండ జాగ్రత్తగా వ్రాయువాడే దానికి అనుమానితుడు. అట్లు వ్రాయువాడెవడు? ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమమున చదివి, ఇంజనీరింగులోనో పీజీలోనో ఆంగ్లమున వ్రాయక తప్పనివాడు. చిన్న వాక్యములను, పరిచితమైన మాటలను నమ్ముకొని తన భావమును నిలుపుకొనువాడు. అమెరికా రాజ్యాంగ పాఠమును సైతము ఇట్టి సాధనము యంత్రకృతమని చూపిన సంగతి 2023లో లోకమెరిగినదే. ఎల్లరకు తెలిసిన పాఠమగుటయే దాని దోషమైనది.

ఇది ఊహ కాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనమున, ఆంగ్లము మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు వ్రాసిన 91 వ్యాసములను ఏడు గుర్తింపు సాధనములకు ఇచ్చి చూచిరి. సగటున 61 శాతము వ్యాసములను ఆ సాధనములు యంత్రకృతములని తప్పుగా తేల్చినవి. 91లో 89 వ్యాసములపై కనీసము ఒక సాధనమైనను నింద వేసినది. అమెరికాలోని ఎనిమిదవ తరగతి పిల్లలు వ్రాసిన వ్యాసములను మాత్రము అవే సాధనములు దాదాపు సరిగానే గుర్తించినవి. అంతటితో ఆగలేదు: ఆ టోఫెల్ వ్యాసములలోని పదజాలమును చాట్‌జీపీటీచేత మెరుగుపరపించి మరల పరీక్షింపగా, తప్పునింద సుమారు 12 శాతమునకు పడిపోయినది. స్వయముగా వ్రాసినవానికి శిక్ష, యంత్రముచేత దిద్దించుకొన్నవానికి రక్ష! ఇట్టి కొలమానముతో విద్యార్థుల నిజాయితీని తూచుట అన్యాయమని చెప్పుటకు ఇంకేమి కావలెను? అమెరికాలో చదువుచున్న మన తెలుగు విద్యార్థులకు ఈ అన్యాయము మార్కులతో పోవునది కాదు. సస్పెన్షన్ వచ్చినచో వీసాకే ముప్పు వాటిల్లును.

‘పెద్ద సంస్థల సాధనములకు పొరపాటు ఒక్క శాతమే గదా’ అనువారు కలరు. టర్నిటిన్ సంస్థ 2023 ఏప్రిల్‌లో తన గుర్తింపు సాధనమును ప్రవేశపెట్టినప్పుడు చెప్పిన మాట అదియే. ఆ ఒక్క శాతమును వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయము తన లెక్కలో వేసి చూచుకొన్నది: 2022లో తమ విద్యార్థులు ఆ సంస్థకు పంపిన రచనలు 75,000, అందులో ఒక్క శాతము పొరపాటైనను సుమారు 750 రచనలపై అకారణముగా నింద పడియుండెడిది. పైగా ఆ సాధనము ఏ యాధారమున తీర్పు చెప్పుచున్నదో వివరము లేదు. 2023 ఆగస్టులో ఆ విశ్వవిద్యాలయము దానిని నిలిపివేసినది. ఇరువది శాతమునకు లోపలి ఫలితములు నమ్మదగినవి కావని టర్నిటిన్ తానే ఆ అంకెలను చూపక నక్షత్రపు గుర్తు పెట్టుచుండగా, పది శాతము వచ్చినదని మన విద్యార్థిని నిలదీయుటకు ఆధారమెక్కడ?

ఇంతకంటె వింతయైన అపోహ మరియొకటి కలదు: వ్యాసమును చాట్‌జీపీటీకే ఇచ్చి ‘దీనిని నీవు వ్రాసితివా?’ యని అడిగినచో అది నిజము చెప్పునని. 2023 మే నెలలో టెక్సస్ రాష్ట్రమున ఒక విశ్వవిద్యాలయాధ్యాపకుడు అట్లే అడిగి, అది ఔననగా, పట్టభద్రులు కాబోవు విద్యార్థులకు ఆ వ్యాసములలో సున్నా వేసెను. కొందరి పట్టములు నిలిచిపోయినవి. విచారణ జరిగిన పిమ్మట పలువురు నిర్దోషులని తేలినది. తాను ఎవరికేమి వ్రాసి యిచ్చెనో చాట్‌జీపీటీకి జ్ఞాపకముండదు. అడిగిన ప్రశ్నకు పొసగునట్లు జవాబు కూర్చుటయే దాని పని. దాని మాటను సాక్ష్యముగా స్వీకరించువారు దాని స్వభావమునే ఎరుగరు.

మన దేశమున ఈ గందరగోళమునకు మరియొక కారణము, రెండు వేరువేరు శాతములను ఒకటిగా కలిపివేయుట. గ్రంథచౌర్య నివారణకై యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చినది. అందులో పది శాతము వరకు పోలికకు శిక్ష లేదు. పది దాటి నలువది వరకు ఒక స్థాయి, నలువది దాటి అరువది వరకు మరియొక స్థాయి, అరువది దాటినచో పరిశోధకుని రిజిస్ట్రేషనే రద్దగును. ఆ శాతము పోలికకు సంబంధించినది: ఏ వాక్యము ఏ గ్రంథములోని ఏ వాక్యముతో కలసినదో యంత్రము చూపును, మనము రెండింటిని పక్కపక్కన పెట్టి కన్నులార చూడవచ్చును, విద్యార్థి తన సమాధానము చెప్పుకొనవచ్చును. ఉదాహరించి ఆధారము చూపిన భాగములను, గ్రంథసూచిని, చట్టముల పాఠమును, ప్రామాణిక సమీకరణములను, యాదృచ్ఛికముగా కలసిన పదునాలుగు వరుస పదముల వరకును ఆ నిబంధనలే లెక్కనుండి మినహాయించినవి. ఏఐ శాతము అట్టిది కాదు. దాని వెనుక మూలగ్రంథము లేదు, పక్కన పెట్టి చూచుటకు రెండవ కాగితము లేదు, ఉన్నది ఊహ మాత్రమే. కృత్రిమ మేధ ఊసే యెత్తని నిబంధనలలోని పది శాతమును తెచ్చి ఈ ఊహకు తగిలించుటకు ఏ అధికారమును లేదు. పోలిక కనబడిన కేసులలో సైతము ఆ నిబంధనలు తీర్పును యంత్రమునకు వదలక, విభాగ స్థాయిలోను సంస్థ స్థాయిలోను సంఘములు విచారించి, సహజన్యాయ సూత్రములను పాటింపవలెనని ఆదేశించుచున్నవి. కంటికి కనబడు దానికే విచారణ కావలసినప్పుడు, కనబడని దానికి అక్కరలేదా?

తక్కిన అపోహలను ముక్తసరిగా ముగింతును. ప్రశ్న కఠినమైనచో ఏఐ జవాబీయలేదనుట అసత్యము. అమెరికా న్యాయవాద అర్హత పరీక్ష నమూనాలో ఓపెన్‌ఏఐ వారి జీపీటీ–4 ఉత్తీర్ణమైనట్లు 2023 మార్చిలోనే ప్రకటించిరి. ఆన్‌లైన్ పరీక్షకు కెమెరా పెట్టినచో కాపీ జరుగదనుట అమాయకత్వము. కెమెరా ముఖమును చూచును గాని దాని చూపు దాటిన ఫోనును చూడదు.

ఒక్క మాటను మాత్రము, మనసొప్పకున్నను, ఒప్పుకొనక తప్పదు. ‘ఇంటివద్ద వ్రాసుకొనివచ్చు అసైన్‌మెంటుకు విలువ పోయినది, ఎదుట కూర్చుండబెట్టి చేతితో వ్రాయించుటయే శరణ్యము’ అను పాతకాలపు అధ్యాపకుల వాదములో నిజము కలదు. ఎవరి కన్నును లేనిచోట తయారైన వ్యాసము విద్యార్థి నేర్చుకొన్నాడనుటకు ఒకప్పుడు ఎంత ప్రమాణమో, నేడంత ప్రమాణము కాదు. తరగతిలో వ్రాయు పరీక్షలు, మౌఖిక పరీక్షలు మరల బలపడవలసినదే. కాని ఆ వాదమును సంపూర్ణముగా అంగీకరించినచో, ఆరునెలలు శ్రమించి చేయవలసిన ప్రాజెక్టును, గ్రంథాలయములో కూర్చుండి ఆలోచించి దిద్దుకొనవలసిన పరిశోధనను మూడు గంటల జవాబుపత్రములో కుదింపవలసివచ్చును. అది వ్యాధికంటె కఠినమైన చికిత్స యగును.

మరి చేయవలసినదేమి? విద్యార్థులారా, మీరు వ్రాయుచున్న వ్యాసము తొలి ప్రతినుండి తుది ప్రతి వరకు దాచిపెట్టుకొనుడు. గూగుల్ డాక్స్‌లోగాని వర్డ్‌లోగాని పని చేయుచు, పాత ప్రతుల చరిత్ర నిలుచునట్లు చూచుకొనుడు. మీరు చదివిన గ్రంథములలో గీతలు గీసిన పుటలు, నోట్సు, గైడుకు పంపిన మెయిళ్లు, ఆయన దిద్దిన కాగితములు పారవేయకుడు. నింద వచ్చిననాడు యంత్రము చెప్పిన శాతముకంటె ఇవి గట్టి సాక్ష్యములు. ఏఐని వ్యాకరణము సరిచూచుకొనుటకైనను వాడినయెడల ముందుగానే అధ్యాపకుని అడిగి, వాడినచోట వాడితిమని వ్రాయుడు. శాతము తగ్గించెదమను ప్రకటనల వలలో పడి, మీ భాషను మీరే చెరుపుకొనకుడు.

అధ్యాపకులారా, అనుమానము కలిగినచో పిలిచి అడుగుడు. ‘ఈ రెండవ అధ్యాయములో ఈ పద్ధతినే ఏల యెంచుకొంటివి? ఈ పట్టికలోని మూడవ వరుస ఏమి చెప్పుచున్నది? ఈ గ్రంథములో నీకు నచ్చని వాదమేది?’ అను మూడు ప్రశ్నలకు పది నిమిషములలో వచ్చు సమాధానము, ఏ సాఫ్ట్‌వేరైనను చెప్పలేని సత్యమును చెప్పును. వాగ్ధాటి లేనివాడు, ఆంగ్లమున తడబడువాడు ఎదుట నున్నచో తెలుగులో చెప్పనిండు. పరీక్షించుచున్నది అతని అవగాహనను గాని ఉచ్చారణను గాదు. అసైన్‌మెంటు నిచ్చునప్పుడే విషయసూచన ఒకనాడు, చిత్తుప్రతి ఒకనాడు, తుదిప్రతి ఒకనాడు తెమ్మని దశలుగా విభజింపుడు. అప్పుడు ఆలోచన పెరిగిన దారి మీ కంటియెదుటనే యుండును. విద్యార్థుల రచనలను వారి అనుమతి లేక ఎక్కడివో ఉచిత సాధనములలోనికి ఎక్కింపకుడు. అవి వారి బౌద్ధిక శ్రమ, వాటితోపాటు వారి పేర్లు, హాల్‌టికెట్ నంబర్లును పోవుచున్నవి.

పాలకులకు చెప్పవలసిన మాట ఇంకొకటి కలదు. సాఫ్ట్‌వేర్ కొనుట సాంకేతిక ప్రణాళిక కాదు. ఏ అవసరమునకై కొనుచున్నామో, అది తప్పుచేసినచో ఎవరు జవాబుదారియో ముందుగా నిర్ణయించుటయే ప్రణాళిక. టెండరు పిలుచునపుడే అమ్మువారిని అడుగుడు: తెలుగు మాధ్యమమునుండి వచ్చిన మా విద్యార్థుల ఆంగ్ల వ్యాసములపై మీ సాధనము ఎన్ని పొరపాట్లు చేయును? చాట్‌జీపీటీ రాకమునుపు, అనగా 2022 నవంబరుకు పూర్వము మా గ్రంథాలయమున చేరిన నూరు థీసిస్‌లను మీ యెదుటనే పరీక్షింతుము, అంగీకరింతురా? ఆ థీసిస్‌లు ఏవియు చాట్‌జీపీటీ వ్రాసినవి కావు గనుక, వాటిపై పడిన ప్రతి నిందయు తప్పునిందయే. ఈ చిన్న పరీక్ష ఏ విశ్వవిద్యాలయమైనను తన గ్రంథాలయముతోనే ఒక వారములో జరుపుకొనగలదు. విద్యార్థి అప్పీలు ఎవరికి చేసికొనవలెనో, ఎన్ని దినములలో తీర్పు రావలెనో వ్రాతమూలకముగా ప్రకటింపుడు. ఆ పని చేయునంతవరకు, ఏఐ శాతము కారణముగా ఎవరి మార్కును తగ్గింపరాదని, ఎవరి థీసిస్‌ను తిప్పిపంపరాదని ఒక సర్క్యులర్ నేడే జారీ చేయుడు. దానికి టెండరు అక్కరలేదు, నిధులు అక్కరలేదు, ఒక సంతకము చాలును.